చౌరస్తాలో పడక్కుర్చీ

ఆ పొద్దున సుబ్బరత్నమ్మ పెట్టుకున్న పని ఒక్కటే. బాన్సువాడ చౌరస్తాకు వెళ్లి, పోయిన మొగుడి పడక్కుర్చీని ఇంటికి తెచ్చుకోవాలి. వెంకట్రావు కవి. ఆ కుర్చీలో పడుకునే రాశాడు, ఆ కుర్చీలోనే ప్రాణం వదిలాడు. తల ఆనించిన చోట నూనె మరక ఇంకా ఉంది. పాపం, ఆవిడకు మిగిలింది ఆ మరకే.

కుర్చీ పట్టుకుపోయింది మరిది హరనాథబాబు. అన్నకు స్మారకం కట్టించాలని హైదరాబాదు నుంచి ఓ శిల్పిని పిలిపించాడు. ఆ మహానుభావుడు రాయి ముట్టుకోడట, కవి వాడిన సామానుతోనే శిల్పమట! బల్ల తిరగేసి, దానిమీద బీరువా, బీరువామీద మంచం, అన్నిటికీ పైన పడక్కుర్చీ ఎక్కించి మేకులు కొట్టాడు.

"అది తీస్తే అందం పోతుందమ్మా. అలాంటిదే ఇంకోటి తెండి, మార్చేస్తాను," అన్నాడు శిల్పి.

మరిది ఇంట్లో అలాంటిది ఉంది. ఆవిడ సరేనని అక్కడికే బయల్దేరింది.

తెల్లవారితే హోళీ. ఏటా ముందురోజు సాయంత్రం ఇదే చౌరస్తాలో ఊరివాళ్లు పాత కట్టెలూ విరిగిన మంచాలూ పోగేసి కాముణ్ణి కాలుస్తారు. కోస్తా నుంచి వచ్చి కాలవ కింద వరి పండించుకుంటున్న హరనాథబాబు, తమవాళ్లంతా కాపురముండే క్యాంపు దాటి ఊరి పండగ ఏనాడూ చూసినవాడు కాడు.

మధ్యాహ్నం పండరి అనే రైతు విరిగిన నాగలి తెచ్చి శిల్పానికి ఆనించాడు. "గింత పెద్దగ ఎవలు పేర్చిన్రు సారూ?"

"నేనే పెట్టించాను, మా అన్న పేరు మీద."

"పోయినోళ్ల పేరు మీద ఇచ్చుడు మంచిదే. మా ఇంట్ల పాత తలుపున్నది, తేవాల్నా?"

హరనాథబాబుకు కళ్లు చెమర్చాయి. "తీసుకురా నాయనా! అందర్నీ తెమ్మను!"

ఇక చూడాలి! తలుపులు, పీటలు, బండి చక్రాలు వచ్చి పడ్డాయి. జనాభిమానానికి పొంగిపోయిన శిల్పి టీ తాగడానికీ, హరనాథబాబు దండలు తేవడానికీ వెళ్లారు.

పొద్దుగూకే వేళకు సుబ్బరత్నమ్మ ఎడ్లబండి మీద కుర్చీతో వచ్చింది. డప్పులు మోగుతున్నాయి. మంట అప్పుడే బీరువా దాటింది.

"అవ్వ గూడ తెచ్చింది!" అంటూ పండరి సంబరంగా బండిమీది కుర్చీని ఎత్తి మంటలో వేశాడు.

దండలతో వచ్చిన హరనాథబాబు కెవ్వుమన్నాడు. "ఒరేయ్, అది మా అన్న స్మారకంరా!"

"అయ్యో, మాకేం ఎరుక సారూ? మీరే తెమ్మంటిరి గద!"

పైన పడక్కుర్చీ అంటుకుంది. పండరి ఉరికి బిందెడు నీళ్లు తెచ్చాడు. సుబ్బరత్నమ్మ అతని చెయ్యి పట్టుకుంది.

"వద్దు బాబూ. ఆయన్ని కాల్చిన రోజు ఆడవాళ్లు రాకూడదని నన్ను గుమ్మంలోనే ఆపేశారు. ఇప్పుడన్నా చూడనీ."

చూస్తూ చూస్తూ బావురుమంది. డప్పులు ఆగిపోయాయి.

తెల్లారి, ఎప్పటి ఆనవాయితీ ప్రకారం, జనం నుదుట పెట్టుకోవడానికి బూడిద తీసుకుపోయారు. వెంకట్రావు పుస్తకం ఒక్కటీ గడప తొక్కనివ్వని ఊరు, ఆయన కుర్చీ బూడిదను మాత్రం ఇంటింటికీ మోసుకుపోయింది.