బోర్లించిన బకెట్టు

మే నెల తొమ్మిదో తేదీ, శనివారం. ఆ పొద్దున ఆర్విల్ టాల్బర్ట్ ఇంట్లో తిన్నది ఓవెన్‌లో పొంగిన మెత్తటి బన్నులు, వాటి మీద మిరియాలు దట్టించిన తెల్లటి గ్రేవీ, పక్కన వేయించిన గుడ్లు. ఆ ఇంట్లో ఈ సంగతి అంత గట్టిగా గుర్తుండిపోవడానికి కారణం ఉంది. వాటిలో సింహభాగం తిన్న మనిషి సాయంత్రానికల్లా ప్రయాణం కడతాడని ఆర్విల్ మనస్ఫూర్తిగా నమ్మి వడ్డించాడు.

ఆ మనిషి డర్‌వుడ్, ఆర్విల్ భార్య ఓలీటాకి అన్న. ఈస్టర్‌కి నాలుగు రోజులు ఉండి వెళ్దామని టెక్సస్ నుంచి వచ్చాడు. ఈస్టర్ వెళ్ళిపోయింది. డర్‌వుడ్ వెళ్ళలేదు. ఆర్విల్ రోజూ కూచునే వాలుకుర్చీలో, రిమోటు పొట్ట మీద పెట్టుకుని, ఇంటికి పెద్దదిక్కులా స్థిరపడ్డాడు. ఇంటి యజమాని వంటింటి స్టూలు మీద కూచుని, పక్క గదిలోంచి టీవీ వినడం అలవాటు చేసుకున్నాడు.

హాల్లో గడియారం పక్కన పెద్ద స్ఫటికం ఒకటి ఉంది. ఊళ్ళోని గనిలో తానే తవ్వి తీశానని ఆర్విల్ వచ్చినవాళ్ళందరికీ చెబుతుంటాడు. నిజానికి ఆ గనిలో ఎన్నేళ్ళు తవ్వినా అతనికి దక్కింది ఎర్రమట్టి, నడుంనొప్పి. స్ఫటికం హైవే పక్క కొట్లో కొన్నది. కొన్నప్పుడు ఓలీటా పక్కనే ఉంది గనక ఇంట్లో ఈ విషయంలో దాపరికమేమీ లేదు. డర్‌వుడ్‌కే తెలియదు.

"నిజంగా నువ్వే తవ్వావా బావా?" అని గురువారం నాడు అడిగాడు డర్‌వుడ్, కుర్చీలోంచి తల తిప్పకుండానే.

"నేనే. ఈ రెండు చేతుల్తో."

"ఆ చేతులు సీసా మూత తియ్యడానికే ఓలీటాని పిలుస్తాయి. రాయి తీశాయా?"

"నమ్మకపోతే మానెయ్."

"ఒక పని చెయ్యి. నా కళ్ళ ముందు భూమిలోంచి ఒక్క రాయి తీయించి చూపించు. చూసి, పెట్టె సర్దుకుంటా. చూడందే మటుకు ఇక్కణ్ణించి కదల్ను."

ఇందులో ఆర్విల్‌కి వినబడింది పెట్టె సర్దుకోవడం ఒక్కటే.

శుక్రవారం సాయంత్రం పాలు తెస్తానని బయల్దేరి, హైవే కొట్లో వంకాయంత స్ఫటికం కొన్నాడు. దానికి తడి ఎర్రమట్టిని పసిపిల్లకి నూనె రాసినంత శ్రద్ధగా పట్టించాడు. గని మూసే వేళకి లోపలికి జారుకుని, దిబ్బ మీద ఒక పైన్ చెట్టు మొద్దు పక్కన గుంట తీసి, రాయిని పాతిపెట్టి, పైన బకెట్టు బోర్లించాడు.

బకెట్టు బోర్లించడం ఆ గనిలో రాసిపెట్టని చట్టం. టికెట్టు కొన్నవాళ్ళు ఎవరైనా మట్టిదిబ్బల్లో ఎక్కడైనా తవ్వుకోవచ్చు, దొరికింది దొరికినవాళ్ళదే. మధ్యలో కాఫీకి లేవాల్సొస్తే గుంట మీద బకెట్టు బోర్లించి వెళ్తారు. ఇక దాని జోలికి ఎవరూ పోరు. పొరుగువాడి కంచె జరిపినవాణ్ణి ఆ ఊళ్ళో క్షమించిన సందర్భాలున్నాయి. బకెట్టు జరిపినవాణ్ణి క్షమించిన దాఖలా లేదు.

ఆర్విల్ పాలు లేకుండా ఇంటికొచ్చాడు. ఓలీటా అతని గోళ్ళలో ఎర్రమట్టి చూసింది. ఏమీ అడగకుండా పాలు లేని కాఫీ ఇచ్చింది.

రాత్రి వాన కురిసింది. వానకి మట్టి కడుక్కుపోయి, ఎండ పడగానే రాళ్ళు తళుక్కుమంటాయి కాబట్టి మర్నాడు పొద్దున జనం వస్తారని ఆర్విల్‌కి తెలుసు. వస్తే మంచిదే, సాక్షులుంటారనుకున్నాడు. సాక్షుల సంగతిలో అతని అంచనా ఏమాత్రం తప్పలేదు.

శనివారం పొద్దున బన్నులు తినేసి, ఆర్విల్ బావమరిదిని వెంటబెట్టుకుని గనికి వెళ్ళాడు. "ఆలస్యంగా వచ్చావు ఆర్విల్," అంది టికెట్ల కిటికీలోంచి గని యజమానురాలు నేడీన్. "నిన్న ఎవరో బకెట్టు బోర్లించి, రాత్రికి అలాగే వదిలేసి వెళ్ళారంట. ఏదో కనబడకపోతే రాత్రి పూట బకెట్టు ఎందుకు వదులుతాడు చెప్పు? పొద్దుటి నుంచి ఊరంతా అదే మాట. అందరూ దాని చుట్టూనే చేరారు."

ఆర్విల్ దిబ్బ ఎక్కి చూశాడు. బకెట్టు చుట్టూ బకెట్లు, వాటి చుట్టూ ఇంకా బకెట్లు. అన్నీ తెల్లవే. ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క బర్గర్ల హోటలు దోసకాయ ఊరగాయ ఖాళీ బకెట్లని ఊరికే ఇస్తుంది, ఊరికే ఇచ్చేదాన్ని కాదనే అలవాటు ఆ ఊరికి లేదు. గుర్తుకని పెట్టుకున్న పైన్ మొద్దు కోసం వెతికాడు. తెల్లారి కొత్త మట్టి తోసిన బుల్డోజరు, బకెట్లకి భక్తితో దారి వదిలి, మొద్దుని మాత్రం ఎటో తోసేసింది.

"ఎక్కడ తవ్వుతున్నాం బావా?" అన్నాడు డర్‌వుడ్, మడత కుర్చీ వేసుకుని కూచుంటూ.

"ఇక్కడే ఎక్కడో," అని ఆర్విల్ దగ్గర్లో ఉన్న బకెట్టు ఎత్తాడు.

"దాన్ని కింద పెట్టు, ఆర్విల్ టాల్బర్ట్."

గొంతు వెర్డెల్ పకెట్ గారిది. ఆ ఊళ్ళో మూడొంతుల మందికి సండే స్కూల్లో బైబిలు చెప్పిన ఆవిడ. మోకాళ్ళ మీద కూచుని మట్టి తీస్తోంది, అయినా అందరికంటే ఎత్తులో ఉన్నట్టే ఉంది.

"పది ఆజ్ఞల్లో ఎనిమిదోది ఏంటి?"

"దొంగిలకూడదు, టీచరుగారూ."

"మరి ఆ బకెట్టు నీదా?"

తనదో కాదో ఆర్విల్‌కి నిజంగా తెలియదు. తవ్వుతున్న జనమంతా లేచి నిలబడ్డారు. ఒకాయన చేతిగునపం పట్టుకునే నిలబడ్డాడు. అప్పుడు, ఇంట్లో ఐదు వారాలుగా ఆర్విల్‌ని ఎద్దేవా చేస్తున్న డర్‌వుడ్‌కి, బయటివాళ్ళు ఆ పని చేస్తుంటే ఒళ్ళు మండింది.

"ఏంటండీ, దొంగని నిలదీసినట్టు? మా బావకి మీ గుంటలతో ఏం పని? రాయి ఎక్కడుందో ఆయన మట్టి వాసన చూసి చెప్తాడు. బకెట్టు ఎత్తింది అందుకే."

ఆర్విల్ కాదని చెప్పడానికి నోరు తెరిచాడు. ఈలోగా గునపం పట్టుకున్నాయన, "అయితే నాది ఒకసారి చూద్దురూ," అన్నాడు.

ఆర్విల్‌కి లోపల దీపం వెలిగింది. ప్రతి బకెట్టు కిందకీ తొంగిచూసే అవకాశాన్ని, దొంగ అనిపించుకోవలసిన చోట గౌరవంతో పిలిచి ఇస్తున్నారు. వంగి మట్టి వాసన చూశాడు. ఊరగాయ వాసన వచ్చింది. నిన్న తాను తీసిన గుంట ఇది కాదు.

"ఇక్కడ లేదు."

గునపం పట్టుకున్నాయన, పొద్దుటి నుంచి తవ్విన గుంటని మారుమాట లేకుండా వదిలేసి వెనక నడిచాడు. రెండో బకెట్టు దగ్గరా లేదన్నాడు. ఆ కుటుంబం పిల్లలతో సహా వెనక నడిచింది. అతను లేదన్నకొద్దీ జనానికి నమ్మకం పెరిగింది. ఉందని చెప్పేవాడు మోసగాడు కావచ్చు గాని, ఇన్నిసార్లు లేదని చెప్పేవాడికి విద్య ఉండి తీరాలని వాళ్ళ లెక్క. కాసేపటికి ఆ దిబ్బ మీద తవ్వేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. అందరూ ఆర్విల్ వెనక, పెళ్ళి ఊరేగింపులా నడుస్తున్నారు. ముందు డర్‌వుడ్, దారి ఇవ్వండి దారి ఇవ్వండి అంటూ.

ఎండ ఎక్కింది. వాసన చూసి చూసి ఆర్విల్ ముక్కు కొస ఎర్రగా అయింది. తన గుంట మాత్రం కనబడలేదు. చివరికి మిగిలింది పకెట్ గారి బకెట్టు ఒక్కటే. ఆవిడ ఊరేగింపులో చేరకుండా, గుంట మీద బకెట్టు బోర్లించి కాఫీకి వెళ్ళొచ్చింది. బకెట్టు మీదే కూచుని ఫ్లాస్కులోంచి చల్లటి టీ తాగుతోంది.

"ముఖం అలా ఉందేంటి, ఎండ దెబ్బ కొట్టిందా? కూచో. ఇది తాగు," అని మూత నిండా పోసి ఇచ్చింది. అంత చల్లటి టీ ఆర్విల్ ఎప్పుడూ తాగలేదు. కళ్ళు మూసుకుని తాగాడు.

"నా గుంట కూడా వాసన చూస్తావా?" అందావిడ, కొంచెం వెటకారంగా.

ఇక లేచే ఓపిక లేదు. లేదంటే వీళ్ళంతా ఇంకో దిబ్బకి బయల్దేరతారు. "ఇక్కడే తవ్వండి టీచరుగారూ," అన్నాడు.

పకెట్ గారు లేచి, బకెట్టు తీసి, తవ్వింది. మూరెడు లోతులో వంకాయంత రాయి తగిలింది. నీళ్ళు పోయగానే ఎండ దానిలోంచి దూసుకొచ్చి ఆర్విల్ ముఖం మీద పడింది. కాఫీకి వెళ్ళొచ్చి, తనదే అనుకుని ఆవిడ ఎవరి బకెట్టు మీద కూచుందో ఆర్విల్‌కి అప్పుడు అర్థమైంది.

గని మొత్తం చప్పట్లు కొట్టింది. రాయి నాది అనాలంటే, పాతిపెట్టింది నేను అనాలి. ఆర్విల్ కూడా చప్పట్లు కొట్టాడు. పకెట్ గారు రాయిని ఒళ్ళో పెట్టుకుని, దాన్ని చర్చి కిటికీలో పెడతానంది. ఇన్నేళ్ళ తవ్వకంలో తనకి దొరికిన మొదటి రాయి ఇదేనని మెల్లిగా చెప్పింది. ఆ మాట విన్నాక ఆర్విల్‌కి డబ్బు పోయిన బాధ కొంత తగ్గింది. బావమరిది వెళ్ళిపోతాడన్న సంతోషంలో మిగిలింది కూడా పోయింది.

రాత్రి భోజనాల దగ్గర డర్‌వుడ్ ఫోర్కు కింద పెట్టి లేచాడు.

"బావా, నువ్వు మాట నిలబెట్టుకున్నావు. నేనూ నిలబెట్టుకుంటా. రేపే టెక్సస్ వెళ్తున్నా."

"అంత తొందరేముంది?" అన్నాడు ఆర్విల్, ఆ మాట అనడానికి ఇంత సుఖంగా ఉంటుందని అంతకు ముందు తెలియక.

"తొందరే. ఇల్లు అద్దెకిచ్చి, సామాను వేసుకుని, వారం తిరక్కుండా వచ్చెయ్యాలి. ఇంత విద్య పెట్టుకుని నువ్వొక్కడివీ ఏం చేస్తావు? నువ్వు వాసన చూడు, నేను తవ్వుతా. నేడీన్‌తో మాట్లాడేశాను. మనిద్దరికీ టికెట్టు అక్కర్లేదంట, ప్రతి శనివారం నువ్వు జనానికి వాసన చూసి చెప్తే చాలంట. సరేనన్నా."

ఆర్విల్ ఓలీటా వైపు చూశాడు. ఓలీటా పళ్ళెం వైపు చూసింది.

డర్‌వుడ్ పడుకున్నాక వంటింట్లో గిన్నెలు తుడుస్తూ, "వదిన చనిపోయాక అన్నయ్య ఇవాళే కదా అంత గట్టిగా మాట్లాడింది," అంది ఓలీటా. "అక్కడ తనకి టీవీ తప్ప ఎవరున్నారు?"

"ఇక్కడ కూడా టీవీయేగా," అన్నాడు ఆర్విల్. ఆమె తుడిచిన గిన్నె అందుకుని అరలో పెడుతూ, "నా కుర్చీ మటుకు ఇచ్చెయ్యమను," అన్నాడు.

ఓలీటా వెళ్ళి చూసేసరికి డర్‌వుడ్ బూట్లతోనే నిద్రపోయాడు. ఆమె బూట్లు విప్పి, దుప్పటి కప్పి, దీపం ఆర్పి, చప్పుడు కాకుండా తలుపు మూసింది. అప్పటిదాకా వాళ్ళు ఆ గదిని అతిథుల గది అనేవాళ్ళు.