ప్రమోషన్ గండం గడిచిన వైనం

మనిషిని ఎదగనివ్వకుండా కంటికి రెప్పలా కాపాడే ఏర్పాటు ఈ భూమ్మీద ఒక్కటే ఉంది. దాని పేరు గ్రీన్‌కార్డు క్యూ!

నవ్వకండి. పదకొండేళ్లుగా అందులో నిలబడ్డ అనుభవంతో చెబుతున్నాను. అమెరికాలోని మా కొలంబస్‌లో జనం ఎదగాలని ఆరాటపడి బీపీలు తెచ్చుకుని, అవి తగ్గించుకోవడానికి యోగా క్లాసులకు పరుగెడుతుంటారు. నేను మాత్రం బీమా కంపెనీలో చేరిననాడు ఏ హోదాలో ఉన్నానో ఈనాడూ అదే హోదాలో, నిమ్మకు నీరెత్తినట్టు ఉన్నాను. హోదా సాఫ్ట్‌వేర్ టెస్టర్. అంటే, ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం. అత్తగార్లు ఉచితంగా చేసే పనికి నాకు జీతమిస్తారు.

ఇందులో సూత్రం చాలా తేలిక. ఏ ఉద్యోగం చూపించి గ్రీన్‌కార్డుకు పెట్టుకున్నామో ఆ ఉద్యోగాన్నే అంటిపెట్టుకుని ఉండాలి. పని మారిందా, కాగితాల తంతు మళ్లీ మొదలు! మావారి వర్క్ పర్మిట్టూ, మా అమ్మాయి లహరి వీసా కూడా నా ఫైలుకే వేలాడుతున్నాయి. ముగ్గురం వేలాడే కొమ్మ మీద ఎవరైనా గెంతులేస్తారా?

అందుకే ఈ క్యూలో ఉన్న మేమందరం ఎంతో క్రమశిక్షణతో ఉంటాం. మీటింగులో మంచి ఆలోచన వస్తే దగ్గి మింగేస్తాం. బాస్ మెచ్చుకుంటే, "నాదేముందండీ, అంతా టీమే చేసింది" అంటాం. దాన్ని వినయం అనుకుని వాళ్లు ఇంకా మెచ్చుకుంటారు, అదొక ప్రమాదం!

మాతోపాటే క్యూలో ఉన్న దుర్గాప్రసాద్ అన్నయ్యకు డైరెక్టర్ పోస్టు ఇస్తామన్నారని తెలిసిన రోజున మేం నలుగురం పెరుగన్నం డబ్బాలు పట్టుకుని పలకరింపుకు వెళ్లాం.

"ఎలా జరిగింది అన్నయ్యా? మొన్నటిదాకా బాగానే ఉన్నావుగా!"

"ఏం చెప్పమంటావమ్మా. నెల్నాళ్లుగా అనుమానంగానే ఉంది. మా బాసు నన్ను చూసినప్పుడల్లా నవ్వుతున్నాడు."

ఆయనకొచ్చిన కష్టం నాకు రాదనుకున్నాను. వచ్చింది, కేకు రూపంలో!

మా బాస్ మార్లీన్ రిటైరవుతూ తన కుర్చీ నాకు ఇప్పించాలని పైవాళ్లతో పోట్లాడి మరీ ఒప్పించింది. పాపం, బంగారంలాంటి మనిషి. ముందే చెబితే మజా ఉండదని, బ్రేక్ రూంలోకి పిలిచి అందరిచేతా చప్పట్లు కొట్టించింది. బల్ల మీద పెద్ద కేకు. దాని మీద నీలం క్రీముతో "మేనేజర్ హైమ" అని రాసి ఉంది.

"మార్లీన్, ఆగు! కత్తి కింద పెట్టు!" అని కేక పెట్టాను.

"ఏమైంది హైమా? నీకు గుడ్లు పడవా?"

"గుడ్లు పడతాయి. ప్రమోషన్ పడదు. ముందు లాయర్ని అడగాలి."

"కేకు తినడానికి లాయరెందుకు?" అంది మార్లీన్. ఆ తల్లి పుట్టింది ఇక్కడే, ఒహాయోలో. ఆమెకేం తెలుసు, మా ఇళ్లలో శుభవార్త ముందు మొగుడికి కాదు, లాయరుకు చెప్పుకోవాలని?

లాయరు ఫోన్‌లో తాపీగా చెప్పాడు. "మేనేజరంటే వేరే ఉద్యోగం మేడమ్. క్యూలో మీ చోటు ఎక్కడికీ పోదు. కానీ ఫైలంతా కొత్తగా కట్టాలి. ఈలోగా కంపెనీ మనసు మార్చుకుంటే నేనేమీ హామీ ఇవ్వలేను."

"మరిప్పుడేం చెయ్యమంటారు?"

"కేకు తినండి. పోస్టు మాత్రం ముట్టుకోకండి."

ఇంటికొచ్చి మావారికి చెప్పాను. "నీ ఇష్టం హైమా, నీ కష్టానికి వచ్చింది" అన్నారు. అంటూనే లహరి గది వైపు చూశారు. నేనూ అటే చూశాను.

మర్నాడు పోస్టు వద్దన్నాను. కుర్చీ కైల్‌కు దక్కింది. కైల్‌కు పని నేర్పింది నేనే, కుర్రాడు బుద్ధిమంతుడు.

ఇప్పుడు నా వైభోగం చూడండి! మీటింగుకు అతను వెళతాడు, ఏం మాట్లాడాలో నేను చెప్పి పంపుతాను. తిట్లు అతను తింటాడు, నేను నా డెస్కు దగ్గర ఉప్మా తింటాను. పెత్తనం నాది, గుండెదడ అతనిది. ఇంతకంటే భోగం ఏ డైరెక్టరుకుంది?

ఆమధ్య, ఏటా జరిగే పనితీరు రివ్యూలో కైల్ ఇబ్బందిగా గొంతు సవరించుకున్నాడు. "అందరినీ అడగాల్సిన ప్రశ్నే హైమా. ఐదేళ్ల తర్వాత నువ్వెక్కడ ఉంటావు?"

"నా డెస్కు దగ్గరే. ఉప్మా మారొచ్చు."

"జోకులొద్దు. నిజానికి ఈ కుర్చీలో ఉండాల్సింది నువ్వు."

"అందులో కూర్చుంటే దేశంలోంచే లేవాల్సి రావచ్చు నాయనా. నువ్వు కూర్చో" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. అతనే ముందు ఆపేశాడు.

కనుక పాఠకులారా, ప్రమోషన్ ఒక పీడ. అది నన్ను తాకకుండా కాపాడుతున్న క్యూకు శతకోటి వందనాలు! చెప్పదలుచుకున్నది ఇంతే.

ఇంతకీ ఆ కేకు సంగతి చెప్పలేదు కదూ. "మేనేజర్ హైమ" అని రాసున్న ముక్కను మార్లీన్ ఎవరినీ కోయనివ్వలేదు. డబ్బాలో పెట్టి నా చేతికిచ్చింది. "మా పెళ్లికేకులో ఒక ముక్క ఇలాగే ఫ్రీజర్లో దాచి, ఏడాది తిరిగాక తింటాం. నువ్వూ దాచుకో. కార్డు రాగానే తిను" అంది. ఏడాదిలో వచ్చేస్తుందనుకుంది, పిచ్చితల్లి!

మొన్న మావారు ఫ్రీజర్ శుభ్రం చేస్తూ, పచ్చిబఠాణీల ప్యాకెట్ వెనక నుంచి ఆ డబ్బా పైకి తీశారు. "మంచు పట్టేసింది. ఇంకెందుకు, పారేస్తున్నా" అన్నారు.

ఇంత సేపూ ఇన్ని నీతులు చెప్పిన నేను, స్టవ్ మీద పోపు మాడుతున్నా సరే వదిలేసి, ఒక్క పరుగున వెళ్లి ఆయన చేతిలోంచి డబ్బా లాక్కున్నాను.

"ముట్టుకున్నారంటే ఊరుకోను. అది నా ఉద్యోగం!"