పాతదానికి వెయ్యిన్నొకటి

కంప్యూటర్‌లో పాతదీ కొత్తదీ కలపకూడదని వాదించే మేధావులారా, మీకో దండం! దేశంలో సమానత్వం మిగిలిందే అక్కడ. నమ్మరా? అయితే కారంపూడి బస్టాండు ఎదురుగా ఉన్న రబియా ఫ్లెక్సీ షాపుకి రండి.

రబియా కంప్యూటర్‌లో నడిచేది విండోస్ కాదు, లినక్స్. అదీ పాత రిలీజు, అంటే ఫాంట్లూ డ్రైవర్లూ అన్నీ కలిపి ఎప్పుడో విడుదల చేసిన కట్ట. ఏళ్ల తరబడి ఒక్కరోజూ మొరాయించలేదు. కానీ డిజైన్ సాఫ్ట్‌వేర్ ఒక్కటి మాత్రం కొత్తది కావాలనిపించింది ఆమెకి. పాతదాంట్లో నాయకుల మొహాలు తగినంత తెల్లగా రావడం లేదు మరి! ఆ కొత్తదేమో కొత్త రిలీజులోనే ఉంది. సరే, దాన్నీ పక్కన చేర్చింది.

రెండు రిలీజులు కలిపినప్పుడు ఒక్కోదానికి ఒక నంబరివ్వాలి. పెద్ద నంబరుదే పెత్తనం. పాతదానికి ఎక్కువిచ్చి, కావలసిన ఆ ఒక్కటే కొత్తదాన్నుంచి తెచ్చుకోవాలి. ఆ సంగతి రబియాకీ తెలుసు. కానీ చెయ్యి రావద్దూ? రెండు పార్టీల ఫ్లెక్సీలూ వేసి బతికే మనిషి. ఒకరి నాయకుడి మీసం రెండోవారి నాయకుడి మీసం కంటే అంగుళం పెరిగితే షాపు అద్దాలు ఏమవుతాయో ఎరిగిన మనిషి. అలవాటు కొద్దీ రెండింటికీ చెరో ఐదొందలు కొట్టింది. ఎంత నిష్పక్షపాతం!

నంబర్లు సమానమైతే ఆ కంప్యూటర్ ఏం చేస్తుందో తెలుసా? ఏది కొత్తదైతే దానికి పీట వేస్తుంది. రబియా అప్‌డేట్ నొక్కి, టీ తాగి వచ్చేసరికి ఫాంట్ల దగ్గర్నుంచి ప్రింటర్ డ్రైవర్ దాకా అన్నీ కొత్తవే తిష్ట వేశాయి. పాత ప్రింటరు మాత్రం ఈ కొత్తవాళ్ల మాట ఒక్కటీ అర్థం కాక గుడ్లప్పగించింది.

సరిగ్గా అప్పుడే వచ్చాడు గోపాలకృష్ణయ్య. జుట్టు నల్లగా ఉన్ననాటి నుంచీ పార్టీ జెండా మోస్తున్నవాడు. సాయంత్రం పెద్ద నాయకుడు వచ్చి మండల అధ్యక్షుడి పేరు ప్రకటిస్తాడట. ఆ పేరు తనదేనని ఊరంతా చెప్పుకుంటోంది. స్వాగతం ఫ్లెక్సీ కావాలి, తన బొమ్మ కాస్త పెద్దగా ఉండాలి.

రబియా నానా తంటాలూ పడి చివరికి మందు కనిపెట్టింది. పాతదానికి వెయ్యి దాటించి నంబరిస్తే, పీటెక్కిన కొత్తదాన్ని లేపి మరీ పాతదాన్ని కూర్చోబెడుతుందట! వెయ్యిన్నొకటి కొట్టింది. పాతవన్నీ తిరిగొచ్చాయి, ప్రింటరు కదిలింది. గోపాలకృష్ణయ్య బొమ్మ నవ్వుతూ బయటికొచ్చింది.

అప్పటికే సభ ముగిసింది. పదవి మహేష్‌కిచ్చారు. అతను అవతలి పార్టీ నుంచి వచ్చి నెల కాలేదు.

గోపాలకృష్ణయ్య షాపుకొచ్చి బల్ల మీద కూలబడ్డాడు. ప్రింటరు ఎట్లా బాగయిందని అడిగి, రబియా చెప్పిందంతా శ్రద్ధగా విన్నాడు.

"అమ్మాయ్, ఆ వెయ్యిన్నొకటి మా పార్టీ ఆఫీసులో కూడా కొట్టే వీలుంటదా?"

"మీ ఆఫీసులో అందరూ సమానమేనంటారుగా బాబాయ్."

ఆయన మిరప కల్లంలో కాయల మీద కప్పుకోవచ్చని ఫ్లెక్సీ చుట్టి చంకన పెట్టుకున్నాడు.