వంతెన అవతలి బంకు

కొందరు భర్తలు పేకాడతారు, కొందరు తాగుతారు. గడియారాల మెకానిక్ భార్యకు అలా నలుగురిలో చెప్పుకుని ఏడ్చే అదృష్టం కూడా లేదు. ఆయనకున్న వ్యసనం ఒక్కటే, చవక పెట్రోలు. వంతెన అవతలి బంకులో లీటరు కాస్త తక్కువని తెలిసిన రోజునుంచి, వీధి మూలనున్న బంకు కనపడితే చాలు, పాత గొడవేదో ఉన్నట్టు మొహం తిప్పుకుని వెళ్ళేవాడు.

ఆ ఉదయం పెట్టుకున్న పని చిన్నదే. ఆవిడ అక్క కంటి ఆపరేషన్ చేయించుకుని బస్సులో ఇంటికి తిరిగి వెళ్తోంది. బస్సు వీళ్ళ బస్టాండులో టీ తాగేంతసేపు ఆగుతుంది. ఆపరేషన్ అప్పుడు వెళ్ళలేకపోయిన చెల్లెలికి ఆ కాసేపైనా అక్కను చూడాలని ప్రాణం కొట్టుకుపోతోంది. అక్క అల్లి ఇచ్చిన ఆకుపచ్చ శాలువా కప్పుకుని, తెల్లారేసరికే తయారై కూర్చుంది.

"పనిలో పని, పెట్రోలు పోయించుకుని వెళ్దాం," అన్నాడాయన.

"మూలమీద బంకులోనా?"

"ఛ!"

కారు వంతెన వైపు తిరిగింది. ఆవిడకు కోపం కంటే కుతూహలమే ఎక్కువ. "నాకు తెలీకే అడుగుతున్నానండీ. పోయిరావడానికి కాలే పెట్రోలు ఎవరి ఖాతాలో రాస్తారు?"

"అక్కడే అందరూ పప్పులో కాలేసేది. దూరం కాదే ముఖ్యం, ఎంత పోయిస్తామన్నది. అందుకే ట్యాంకు అడుగంటేదాకా ఆగాను."

"మరి దారిలోనే పూర్తిగా అడుగంటితే?"

"బండిలో కూర్చుని అలాంటి మాటలు అనకూడదు."

చవక సంగతి ఆయనొక్కడికే తెలిసిన రహస్యం కాదని బంకు దగ్గరికి వెళ్ళాక తెలిసింది. వరస వంతెన దాకా ఉంది. కాస్త కదిలినప్పుడల్లా ఇంజను వేసి ఆపడం దండగని ఆయన భార్యను స్టీరింగు దగ్గర కూర్చోబెట్టి, తను దిగి వెనకనుంచి తోయడం మొదలుపెట్టాడు.

ఇది పాల వ్యాను డ్రైవరు చూశాడు. "పాపం, బండి మొరాయించినట్టుంది. పట్టండయ్యా!"

"వద్దండీ, బాగానే ఉంది!"

"మొహమాటపడకండి సార్. ఇటు తిప్పమ్మా, ఇటు!"

తోయడానికి వచ్చిన నలుగురూ ఒక్కసారి అరిచేసరికి ఆవిడ తిప్పేసింది. కారు వరసలోంచి బయటికొచ్చి, రోడ్డు పక్కనున్న మెకానిక్ షెడ్డు ముందు ఆగింది. సాయం చేసినవాళ్ళు చేతులు దులుపుకుని వెళ్ళిపోయారు. ఖాళీ అయిన చోటును ఒక వ్యాను క్షణంలో ఆక్రమించింది.

"ప్రాబ్లమేంటి సార్?" అన్నాడు షెడ్డు మెకానిక్, బానెట్ ఎత్తి.

"ఏమీ లేదు."

"ఏమీ లేని బండిని నలుగురు తోసుకొస్తారా? మీకు తెలీదు, ఉండండి." బ్యాటరీ వైరు పీకేశాడు.

బస్సు ఈపాటికి బస్టాండుకు వచ్చి, టీ కూడా అయిపోయి ఉంటుంది. ఆవిడ కళ్ళు చెమర్చాయి. అప్పుడే ఫోను మోగింది.

"ఏమేవ్, బస్టాండుకు వెళ్ళకు," అంది అక్క. "లేటైందని బస్టాండులో ఆపడట. చవగ్గా డీజిలు దొరుకుతుందని ఎక్కడికో దారి మళ్ళించాడు మా డ్రైవరు. ఇక్కడ చూస్తే పెద్ద వరస. పైగా ఇందాక ఎవడో పిచ్చాడు బాగున్న కారును తోసుకుంటూ కనపడ్డాడు. లోపల ఆవిడ మహారాణిలా కూర్చుంది."

చెల్లెలు ఫోను చెవికి గట్టిగా ఆనించుకుంది. "మహారాణి ఏం కప్పుకుందక్కా?"

"ఆకుపచ్చ శాలువా. అచ్చం నేను..."

ఫోను ఆగిపోయింది. వరసలో నిలబడ్డ బస్సు తలుపు తెరుచుకుంది.

వరస కదిలేదాకా అక్కచెల్లెళ్ళకు బోలెడంత సమయం దొరికింది. "కళ్ళు ఎలా ఉన్నాయక్కా?" అంటే, "బ్రహ్మాండంగా కనపడుతోంది. లావయ్యావు," అంది అక్క. తర్వాత మరిదిని ఆపాదమస్తకం చూసి, "మీరు కూడా స్పష్టంగానే కనపడ్డారు," అంది.

"చూశారా వదినగారూ, నా చవక బంకు వల్లే కదా కలిశారు!"

తిరుగు ప్రయాణంలో దారి పొడుగునా అదే పాట. వైరు తిరిగి బిగించడానికి మెకానిక్ డబ్బులు తీసుకోలేదన్నది రెండో చరణం. వీధి మూల బంకుకు కాస్త ఇవతల కారు దగ్గి, ఆగింది.

ఆయన పెట్రోలు చూపించే ముల్లు వంక చూశాడు. "మనం పెట్రోలు పోయించలేదు కదూ?"

"లేదండీ. మీరు మా అక్కకు పొదుపు గురించి చెబుతున్నారు."

ఆయన మూల బంకు వంక చూశాడు. "అంత దూరం వెళ్ళడం నాదే తప్పు," అన్నాడు.

వెళ్ళకపోతే అక్క కనపడేదే కాదని ఆవిడ నోటిదాకా వచ్చింది. ఆ మాట అంటే వచ్చే వారం మళ్ళీ వంతెన దాటాలి. మింగేసి, స్టీరింగు వైపు జరిగింది.

ఈసారి తోయడానికి ఎవరూ రాలేదు.