తాళం లేని తలుపుకి పద్దెనిమిది

పక్షపాతం లేని మనిషికి నలుగురిని ఇంటికి పిలిచే అర్హత లేదు. న్యాయం, ధర్మం అంటూ తిరిగేవాళ్లకి మొహమాటం విలువ తెలియదండీ.

ప్రతి శనివారం అమెరికాలోని క్యారీలో మా డైనింగ్ టేబుల్ దగ్గర నేను గేమ్ మాస్టర్‌ని. కథ నేను చెబుతాను. మిగతావాళ్లు అందులో వీరులు, మంత్రగత్తెలు. ఎవరు ఏ సాహసం చేస్తానన్నా, ఇరవై ముఖాల డైస్ మీద కనీసం ఎంత పడాలో నిర్ణయించేది నేనే. సులువైన పనికి ఐదు, అసాధ్యానికి ఇరవై. రూల్ బుక్‌లో దీనికి పెద్ద పట్టిక ఉంది. దాని మీద మేం పకోడీల గిన్నె పెట్టుకుంటాం.

రామమోహన్ ఒంటిచేత్తో డ్రాగన్‌ని చంపుతానన్నాడు. పట్టిక ప్రకారం ఇరవై. కానీ మొన్న తెల్లవారుజామున నన్ను ఎయిర్‌పోర్ట్‌లో డ్రాప్ చేసిన మనిషికి ఇరవై ఎలా పెట్టను? ఆరు పెట్టాను. కొడుకు దగ్గర ఆర్నెల్లు ఉండడానికొచ్చిన మల్లికార్జునరావు గారు నీళ్ల మీద నడుస్తానన్నారు. ఆదివారం చర్చికి వెళ్లే నేను అది జరగదని ఎలా అంటాను? నాలుగు. భానుశ్రీ గోంగూర పచ్చడి తెచ్చింది. ఆమె మంత్రానికి అసలు డైసే వేయించలేదు!

ఇక మా అమ్మాయి ఫెబీకి పదమూడేళ్లు. కథలో ఓ గది తలుపు తీస్తానంది.

"పద్దెనిమిది," అన్నాను.

"డాడీ, లాక్ ఉందా?"

"లేదు."

"మరి ఎయిటీన్ ఎందుకు?"

ఎందుకేమిటి? సొంత పిల్లకి తక్కువ పెడితే నలుగురూ ఏమనుకుంటారు? మా నాన్న నన్ను ఒక్కనాడూ మెచ్చుకోలేదు కాబట్టే కదా నేనింతవాణ్ణయ్యాను! ఎంతవాణ్ణని మాత్రం అడక్కండి. కాంట్రాక్ట్ ఇంకా రెన్యూ కాలేదు.

మూడు శనివారాలు ఆ పిల్ల తాళం లేని తలుపు బయటే నిలబడింది. ఆ తర్వాత, "ఐయామ్ డన్ డాడీ, ఇంక నేను ఆడను," అంది.

వారం మొత్తంలో ఫెబీ నా పక్కన కూర్చునేది ఆ టేబుల్ దగ్గరే. అందుకే నా గేమ్ మాస్టర్ కుర్చీ ఒక్కరోజుకి తనకిచ్చి, నేను ఆడతానన్నాను.

ఆమె కథలో నేనొక ముసలి సైనికుణ్ణి. నా కూతురు యుద్ధం గెలిచి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఇప్పుడు నువ్వేం చేస్తావ్ డాడీ?"

"బాగా చేశావమ్మా అంటాను," అన్నాను ఉదారంగా. "ఎంత పడాలి?"

"టూ."

"రెండేనా?"

"ఈజీ కదా. లాక్ లేదు."

వేశాను. పదిహేడు! మా టేబుల్ ఆచారం ఏమిటంటే, డైస్ గెలిస్తే ఆ మాట పైకి అని తీరాలి, ఎదురుగా ఉన్నవాళ్ల ముఖం చూసి. ఫెబీ నా వంకే చూస్తోంది. అందరూ ఆగారు. నేను నోరు తెరిచాను.

"పకోడీలు చల్లారిపోతున్నాయి, తీసుకోండి," అన్నాను.

ఫెబీ గిన్నె నా ముందుకి జరిపింది.

"ఇట్స్ ఓకే డాడీ," అంది. "నీకు ఎయిటీన్ పెట్టాల్సింది."