ఆరు దినాల సంగారెడ్డి

ఆ సోమవారం చిన్నరాములు పెట్టుకున్న పని చాలా చిన్నది. పొద్దున్న ఆరింటి బస్సుకు రామచంద్రాపురం వెళ్ళి, డాక్టరు కామరాజు గారి ఇంట్లో, శిక్షణకు వెళ్ళేందుకు దవాఖాన పని నుంచి వదులుతున్నట్టు ఒక కాగితం మీద సంతకం పెట్టించుకోవాలి. అదే దారిన వెనక్కి తిరిగి, తన ఊరి బస్సు స్టేజీ మీదుగానే, పది గంటల లోపు సంగారెడ్డి చేరి శిక్షణ తరగతి హాజరు పట్టీలో తాను సంతకం చెయ్యాలి. అంతే.

ఆ రెండో సంతకం కోసం అతను పదకొండేళ్ళుగా కోపంగా ఉన్నాడు. పటాన్‌చెరు దాటాక హైవే పక్కనున్న ఊళ్ళో పశువుల దవాఖాన కంపౌండరు అతను. ఏడాదికోసారి కంపౌండర్లకు ఆరు రోజుల శిక్షణ ఉంటుంది. కొత్త మందులు, చూడి పరీక్ష, బర్రెకు సూదితో కట్టించడం, అన్నీ నేర్పుతారు. ఆ సర్టిఫికెట్ ఉంటేనే పై ఉద్యోగం. మొదటిసారి పిలుపు శిక్షణ ముగిసిన వారానికి వచ్చింది. తర్వాత ఎవరి బావమరిదో వెళ్ళాడు. ఒక ఏడాది జోగిపేట వైపు నుంచి ఇంకో చిన్నరాములు పొరపాటున వెళ్ళి, ఆరు రోజులు భోంచేసి, సర్టిఫికెట్ కూడా తెచ్చుకున్నాడు. ఆయనకు కిరాణా దుకాణం ఉంది.

నలభై ఐదు నిండినవాళ్ళను పంపరు. చిన్నరాములుకు వచ్చే నెలలో నిండుతాయి.

"ఈసారి గిట్ల ఏమన్న అడ్డమొస్తె నేను మనిషిని గాను," అని చొక్కా గుండీలకు చెప్పి బయల్దేరాడు. వినడానికి ఇంట్లో ఎవరూ లేరు. భార్య శివమ్మ అప్పటికే బోరింగు దగ్గర ఉంది.

బోరింగు కొడుతున్న బీరమ్మ అడిగింది. "గింత పొద్దుగాల్నే మీ ఆయన ఏడికి పోయిండే?"

"సంగారెడ్డికి."

"మల్ల ఎప్పుడొస్తడు?"

"ఆరు దినాలకు. తిండి, పండుడు అంత సర్కారుదే. నడుమల ఇంటికి పంపరంట."

బీరమ్మ చెయ్యి ఆగింది. ఆ ఊళ్ళో మనిషి సంగారెడ్డికి వెళ్ళాడంటే కోర్టుకైనా అయ్యుండాలి, జైలుకైనా అయ్యుండాలి. కోర్టువాళ్ళు అన్నం పెట్టరు.

శివమ్మ బిందె నిండిందా లేదా అని చూస్తూ మరో మాట కలిపింది. "పదకొండేండ్ల సంది తిప్పుతున్నరు. ఇయ్యాల్టితోని ఖతం."

బీరమ్మకు ఎవరూ ఇక వివరించవలసిందేమీ లేదు. నాలుగు నెలల క్రితం ఆమె బర్రె వాగు నీళ్ళు తాగి అక్కడికక్కడే పడిపోయింది. ఎగువన ఫ్యాక్టరీ వచ్చాక ఆ వాగు పొద్దున ఎర్రగా, సాయంత్రం పసుపుగా పారుతోంది. ఫ్యాక్టరీ నీళ్ళే చంపాయని చిన్నరాములు రిపోర్టు రాశాడు. మూడో రోజు తెల్ల కారులో ఒకాయన వచ్చి, పాము కరిచిందని మార్చమన్నాడు. చిన్నరాములు కోపం కొద్దీ అదే రిపోర్టు ఇంకా పెద్ద అక్షరాలతో తిరగరాశాడు.

"నా బర్రె కోసమే జైలుకు పంపిన్రు," అని, శివమ్మ ఇంటికి వెళ్ళగానే, బీరమ్మ బిందె అక్కడే వదిలేసి ఎదురైనవాళ్ళందరికీ చెప్పింది.

ఎనిమిదింటికల్లా అరవై మంది హైవే మీద కూర్చున్నారు. వెనక పద్నాలుగు బర్రెలు నిలబడ్డాయి.

ఆ సమయానికి రామచంద్రాపురంలో డాక్టరు గారు స్టాంపు కోసం వెతుకుతున్నారు. ఆయన మంచి మనిషి. గోదావరి వైపు నుంచి వచ్చి, అన్నగారు పనిచేసే ప్రభుత్వ ఫ్యాక్టరీ క్వార్టర్సులో ఉంటూ, వారానికి రెండుసార్లు దవాఖానకు వస్తారు.

"కూర్చోవయ్యా చిన్నరాములూ, కాఫీ తాగు. పదింటికి కదా."

"తాగ సార్. స్టాంపు కొట్టుండ్రి సార్."

"అన్నిటికీ కోపమే నీకు. ఇదిగో, ప్యాడ్ ఎండిపోయింది." ఆయన ప్యాడ్ మీద కాఫీ రెండు చుక్కలు వేసి రుద్దారు. స్టాంపు లేత గోధుమ రంగులో పడింది. చిన్నరాములు ఆ తడి కాగితాన్ని ఊదుకుంటూ బస్సెక్కాడు.

ఎనిమిదీ నలభైకి బస్సు ఆగింది. ముందు లారీలు, వాటి ముందు ఇంకా లారీలు. డ్రైవరు ఇంజను ఆపి బీడీ వెలిగించాడు. అది చూసి చిన్నరాములు కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"ఏందన్నా ఇది?"

"రాస్తారోకో," అన్నాడు కండక్టరు. "ఎవడో రాములంట. ఆరు దినాలు లోపలేసిన్రంట. విడిచిపెట్టాలంటున్నరు."

"అసొంటోన్ని విడిచిపెట్టనే వద్దు," అన్నాడు చిన్నరాములు. "ఆరు దినాలు గాదు, ఆరేండ్లు ఉంచాలె. ఒక్కడి కోసం ఇంతమందిని పరేషాన్ జేస్తరా? వీళ్ళందర్ని లైనుగ నిలవెట్టి పసుల సూది గుచ్చాలె."

"గుచ్చరాదె, ఎవలొద్దన్నరు?" అన్నాడు కండక్టరు.

చిన్నరాములు నిజంగానే దిగాడు. లారీల పక్క నుంచి విసవిసా నడిచి ముందుకు వెళ్ళేసరికి, తన ఊరి జనం తన పేరే పెట్టి అరుస్తున్నారు. అతన్ని చూడగానే అరుపు ఆగింది.

"వచ్చిండు," అంది బీరమ్మ. "తప్పిచ్చుకొని వచ్చిండు మన డాక్టరు."

"ఏడికెంచి తప్పిచ్చుకునుడు? నేను సంగారెడ్డికి పోవాలె. తొవ్వ ఇడువుండ్రి."

"నువ్వు భయపడకు బిడ్డా. నిన్నెవ్వలు తీస్కపోరు."

"నన్నెవలు తీస్కపోతలేరు. నేనే అడిగిన. పదకొండేండ్ల సంది అడుగుతున్న."

బీరమ్మ జనం వైపు తిరిగింది. "సూడుండ్రి, ఎంతగనం బెదిరిచ్చిన్రో. నేనే అడిగిన అంటుండు."

చిన్నరాములు కాగితం తీశాడు. ఊళ్ళో చదువు వచ్చిన దర్జీ నర్సన్న దాన్ని అందుకుని, గొంతు సవరించుకుని, చివరి రెండు వరుసలు చదివాడు. "పై కంపౌండరును నేటి నుండి విధుల నుండి తప్పించడమైనది. సంగారెడ్డిలో హాజరు కానిచో తగు చర్య తీసుకోబడును." కాగితం మడిచి, మెల్లగా అన్నాడు. "నౌకరి గూడ పీకిన్రు."

బర్రెలు కూడా తలలెత్తి చూశాయి. తర్వాత అరుపులు రెట్టింపయ్యాయి. చిన్నరాములు ఏం చెప్పినా అందులో కలిసిపోయింది.

తొమ్మిదీ పదికి సంగారెడ్డి వైపు నుంచి పోలీసు జీపు వచ్చింది. ఎస్సై దిగి, జనాన్ని, బర్రెలను లెక్కబెట్టినట్టు చూశాడు.

"ఎవడీ చిన్నరాములు?"

"నేనే సార్."

"నువ్వు బయటనే ఉన్నవు గద. మరి విడిచిపెట్టుమంటరేంది?"

"అదే జెప్తున్న సార్, ఎవ్వలు ఇనరు. నన్నెవ్వలు పట్టుకోలె."

ఎస్సై జీపు తలుపు తెరిచాడు. "ఇంతమంది విడిచిపెట్టుమంటున్నరు. విడిచిపెట్టాలంటె ముందుగాల పట్టుకోవాలె గద. ఎక్కు."

చిన్నరాములు వాచీ చూసుకున్నాడు. తొమ్మిదీ పదిహేను. వెనక మైలు పొడవునా లారీలు. కదిలే బండి ఒక్కటే ఉంది.

"ఈ జీపు సీదా సంగారెడ్డికే పోతదా సార్?"

"ఇంకేడికి పోతది? నీ అత్తగారింటికా?"

మాట పూర్తికాకముందే చిన్నరాములు ఎక్కి కూర్చున్నాడు. "జల్దీ పోనియ్యుండ్రి సార్," అన్నాడు. బీరమ్మ కళ్ళొత్తుకుంది. "మన కోసం తానే ఎక్కిండు," అని, తను తినడానికి తెచ్చుకున్న మూటను కిటికీలోంచి అతని ఒళ్ళో పెట్టింది. "జైల్ల సల్లటి బువ్వ ఏస్తరు. ఇది తిను."

జీపు కదిలాక, ఇప్పుడు నిజంగానే పట్టుకుపోయారు కాబట్టి, జనం రోడ్డు మీద మరింత గట్టిగా కూర్చున్నారు.

మూటలో జొన్న రొట్టె, ఉల్లిగడ్డ కారం ఉన్నాయి. రొట్టె ఇంకా వెచ్చగా ఉంది. పొద్దుటి నుంచీ చిన్నరాములు ఏమీ తినలేదు. తింటున్నంతసేపూ అతనికి కోపం రాలేదు. సగం తుంచి ఎస్సైకి ఇచ్చాడు. ఎస్సై వద్దంటూనే తీసుకున్నాడు.

తొమ్మిదీ యాభైకి స్టేషన్లో అతని పేరు రాశారు. నేరం అనే గడి దగ్గర కలం ఆగింది. ఎస్సై అప్పుడు కాగితం పూర్తిగా చదివాడు.

"ట్రైనింగా?"

"పొద్దుగాల సంది అదే మొత్తుకుంటున్న సార్."

"బర్రెకు కట్టిచ్చుడు గూడ నేర్పుతరా?" ఎస్సై గొంతు తగ్గించాడు. "హత్నూరల మా అమ్మ బర్రె ఉంది. మూడేండ్లయె, కట్టుతలేదు."

"ఆరు దినాలైనంక నేనే వచ్చి సూస్త సార్. ఇప్పుడైతె నన్ను ఇడువుండ్రి."

ఎస్సై ఒక చీటీ రాశాడు. ఫలానా చిన్నరాములు ఉదయం తొమ్మిదీ యాభైకి సంగారెడ్డిలో హాజరై ఉన్నాడు. దాని మీద స్టాంపు కొట్టాడు. పోలీసుల ప్యాడ్ ఎండిపోలేదు.

అతను పరుగున శిక్షణ హాలు చేరేసరికి పదీ పన్నెండు. గుమాస్తా వెంకటలక్ష్మి పట్టీ మూసేసింది. "పది దాటితే రాయకూడదండీ. రూలు."

చిన్నరాములు ఏడవబోయి, చీటీ చూపించాడు. ఆమె దాన్ని రెండుసార్లు చదివింది. మిగతావాళ్ళంతా నోటి మాటతో వచ్చినవాళ్ళే. పోలీసు సాక్ష్యంతో హాజరైనవాణ్ణి ఆమె ఎన్నడూ చూడలేదు. "సంగారెడ్డిలో హాజరు కావాలనే కదండీ ఆర్డరులో ఉంది," అని పట్టీ తెరిచింది.

హైదరాబాదు నుంచి రావలసిన శిక్షకుడు పన్నెండున్నరకు వచ్చాడు. చొక్కా తడిసిపోయింది, మొహం కందిపోయింది. "నాలుగు గంటలు రోడ్డు మీద ఉంచారు. ఎవడో చిన్నరాములట. వాడు కనపడాలి, చెబుతాను," అంటూ కుర్చీ లాగి, పట్టీలో చివరి పేరు చదివి ఆగిపోయాడు.

"హాజరే సార్," అంది వెంకటలక్ష్మి. "మీకన్నా ముందే వచ్చాడు."

"లెయ్యి. ఎందుకు కూర్చున్నారు మీవాళ్ళు రోడ్డు మీద?"

చిన్నరాములు లేచాడు. పదకొండేళ్ళ కోపం నోటి దగ్గరే సిద్ధంగా ఉంది. వాగు రంగులు, బర్రె నోటి నురగ, వణుకు, బిగుసుకున్న కాళ్ళు, తెల్ల కారు, పెద్ద అక్షరాలు, అన్నీ చెప్పాడు. శిక్షకుడు మొహం తుడుచుకున్నాడు.

"ఆ వణుకు ఎప్పుడు మొదలైందన్నావు? మళ్ళీ చెప్పు, మెల్లగా. మీరంతా రాసుకోండి." మొదటి రోజు పాఠం అదే అయింది. చిన్నరాములు జేబులో పెట్టుకు తిరుగుతున్న ఆ రిపోర్టు నకలును ఆయన అడిగి తీసుకున్నాడు.

ఏడో రోజు చిన్నరాములు సర్టిఫికెట్‌తో ఊరికి వచ్చాడు. దాన్ని దవాఖాన గోడకు తగిలిస్తే నర్సన్న అందరికీ చదివి వినిపించాడు. "ఆరు దినములు క్రమశిక్షణతో గడిపినందుకు."

"మంచిగ నడుసుకుండు, కాగిదమిచ్చి పంపిన్రు," అంది బీరమ్మ.

చిన్నరాములు మూడుసార్లు సరిదిద్దబోయాడు. నాలుగోసారి వెచ్చటి రొట్టె గుర్తొచ్చి ఊరుకున్నాడు. తాము రోడ్డు మీద కూర్చోకపోతే ఏడో రోజు కూడా ఉంచుకునేవాళ్ళేనని బీరమ్మ ఇప్పటికీ చెబుతుంది.