దర్జీ విప్పిన కంప్యూటరు

నది పొంగి బజారు వీధిలో మోకాటి లోతు నీళ్ళు నిలిచిన వరద ఉందే, దాని తర్వాత మూడో ఏట జరిగింది ఇది.

ఆ రోజు దర్జీ అనుకున్నది చిన్న పని. తొమ్మిదింటికి కంప్యూటరు కొట్టుకు వెళ్ళాలి. కూతురు చెప్పినది కొనాలి. పదింటికల్లా ఇంట్లో పెట్టి తన కొట్టు తెరుచుకోవాలి.

కూతురు కంప్యూటరు ఆటల్లో గట్టిది. ఆ సాయంత్రం నాలుగింటికి పెద్ద జట్టులోకి ఎంపిక. ఎవరి చోటు నుంచి వాళ్ళు ఆడవచ్చు. నాలుగింటికి తెర మీదికి రాకపోతే మాత్రం పేరు కొట్టేస్తారు. రెండేళ్ళుగా ఆమె ఎదురుచూసింది ఆ ఆట కోసమే. పాత కంప్యూటరు సరిగ్గా ముందురోజే పొగ వదిలి చచ్చింది.

ఎప్పుడో రాసుకున్న కాగితం ఒకటి తెచ్చి తండ్రికి ఇచ్చింది. ఒక పక్క కొట్టువాళ్ళే బిగించి అమ్మే కంప్యూటరు ధర, తొంభై వేలు. ఇంకో పక్క ఏ భాగానికి ఆ భాగం కొని మనమే బిగించుకుంటే అయ్యే ధరలు. మొత్తం డెబ్భై ఎనిమిది వేలు.

"పన్నెండు వేలు తేడా ఉందే," అన్నాడు దర్జీ.

"ఉంది నాన్నా. బిగించుకుంటూ కూర్చునే టైమే లేదు. రెడీమేడ్ తెచ్చెయ్."

ఆ మాట దర్జీకి గుచ్చుకుంది. ముప్ఫై ఏళ్ళుగా రెడీమేడ్ బట్టల్ని తిట్టుకుంటూ బతికినవాడు. చెప్పులేసుకున్నాడు.

"అక్కడ మీ పరీక్షలు పెట్టకండి. ఇచ్చింది తీసుకుని వచ్చెయ్యండి," అంది భార్య.

కొట్టాయన కంప్యూటరు తెచ్చి బల్ల మీద పెట్టాడు. పక్క పలక అద్దంది. లోపల రంగురంగుల దీపాలు.

"లోపల చూడాలి," అన్నాడు దర్జీ.

"అద్దంలోంచి కనబడుతోందిగా సార్."

"పైకి అందరూ బాగానే కుడతారు. లోపలి కుట్టు చూడాలి."

కొట్టాయన నవ్వేసి, అట్టపెట్టె తేవడానికి మేడ మీదికి వెళ్ళాడు.

దర్జీ జేబులో ఎప్పుడూ రెండు ఉంటాయి. కుట్టుమిషను స్క్రూడ్రైవరు, చిన్న కత్తెర. నాలుగు మరలు విప్పాడు. ఒక మర మీద అంటించిన సీలు చిరిగింది. ధర చీటీ అనుకున్నాడు. వెనక పలక తీస్తే తీగలన్నీ ఉండ చుట్టుకుని ఉన్నాయి. చూశారా, రెడీమేడ్ అంటే ఇదీ అనుకున్నాడు. అందులో ఒక సన్న తీగ విడిగా వేలాడుతోంది. వేలాడే పోగు కనబడితే దర్జీ చెయ్యి ఆగదు. టక్కున కత్తిరించాడు.

కొట్టాయన దిగివచ్చి మీట నొక్కాడు. దీపాలు వెలగలేదు.

"ఏం చేశారు సార్?"

"పోగు కత్తిరించా."

"పోగు కాదు మహాప్రభో, అది ఈ మీట తీగ!"

సీలు చిరిగింది కాబట్టి గ్యారంటీ లేదన్నాడు. సీలు లేని సరుకు ఇంకెవరూ కొనరన్నాడు. దర్జీ తొంభై వేలూ ఇచ్చాడు. అప్పటికి పదకొండు.

ఫోను చేస్తే బావమరిది వచ్చాడు. ఫ్యాన్లు, మోటార్లు బాగుచేసేవాడు.

"తీగ అతికించడమేగా బావా. పావుగంట."

తెగిన తీగ రెండో కొస ఏ మూలకి పోయిందో కనబడలేదు. దాని కోసం ఒకటి తీశాడు. దాని వెనక ఇంకొకటి తీశాడు. ఒంటిగంటకి కంప్యూటరంతా బల్ల మీద ఉంది. ఏది ఏదో మరిచిపోకుండా కూతురి కాగితం పక్కన పెట్టుకుని, పేర్ల వరసలో పరిచాడు.

దర్జీ కూర్చున్నాడు. లేచాడు. గుమ్మం దాకా వెళ్ళి వచ్చాడు. ఫోను మోగింది.

"బయల్దేరావా నాన్నా?"

"ఆ," అన్నాడు. ఫోను పెట్టేశాడు.

"టీ తాగొద్దాం బావా," అన్నాడు బావమరిది. కొట్టాయన అప్పటికే భోజనానికి వెళ్ళాడు. కౌంటరు దగ్గర అప్పుడే పనిలోకి వచ్చిన అమ్మాయి ఒక్కతే ఉంది. పొద్దున జరిగినది ఆమెకు తెలియదు. బల్ల మీద సరుకు, పక్కన ధరల కాగితం. అమ్మకానికే అనుకుంది.

టీ తాగి వచ్చేసరికి గ్రాఫిక్స్ కార్డు లేదు. తెర మీద బొమ్మ పరుగెత్తేది దానివల్లే. అది లేకపోతే ఆట లేదు.

"అమ్మేశానండీ," అంది అమ్మాయి సంతోషంగా. "కాగితంలో ముప్ఫై వేలుంది కదా. ఒక కళ్ళజోడాయన బేరం కూడా ఆడలేదు. దాదాపు పరుగెత్తుకుంటూ వెళ్ళాడు."

అప్పుడే వచ్చిన కొట్టాయన కాగితం చూసి తల పట్టుకున్నాడు.

"ఇవి ఆర్నెల్ల కిందటి ధరలు! ఇవాళ ఆ కార్డు ఒక్కటే యాభై రెండు వేలు. విడిగా కొంటే మొత్తం లక్ష దాటుతుంది. మీది పాత స్టాకు కాబట్టి తొంభైకి వచ్చింది."

"అమ్మింది మీ అమ్మాయి," అన్నాడు బావమరిది.

"అంగడి పరిచింది నువ్వు!"

"విప్పింది మా బావ!"

అందరూ దర్జీ వైపు చూశారు. దర్జీ గడియారం వైపు చూశాడు.

మూడింటికి కూతురే వచ్చింది. బల్ల చూసింది. తండ్రిని చూసింది.

"నాన్నా, ఇదేనా బయల్దేరడం?"

"పోగనుకున్నానమ్మా."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకుని కొట్టాయన వైపు తిరిగింది.

"అంకుల్, కొత్త కార్డు ఒకటివ్వండి. ఇక్కడే బిగించి, ఇక్కడే ఆడతాను. ఆట కాగానే తీసి ఇచ్చేస్తాను."

"సీలు విప్పిన కార్డు ఎవరు కొంటారమ్మా?"

"మీ అమ్మాయి అమ్ముతుంది."

కొట్టాయన గొణుక్కుంటూ కార్డు తీశాడు. బావమరిది మరలు అందించాడు. ఆమె బిగించింది. తెగిన తీగను మెలిపెట్టి టేపు చుట్టింది. నాలుగింటికి అయిదు నిమిషాలుందనగా దీపాలు వెలిగాయి.

బల్ల వీధి వైపు ఉంది. దారిన పోయేవాళ్ళు ఆగారు. ఆరింటికి గుమ్మం నిండిపోయింది. తెర మీద ఏం జరుగుతోందో దర్జీకి అర్థం కాలేదు. కూతురి వేళ్ళే చూస్తూ నిలబడ్డాడు. జట్టులో ఆమె పేరు వచ్చింది. వీధంతా చప్పట్లు కొట్టింది. ఎందుకో తెలియనివాళ్ళు కూడా కొట్టారు.

ఏడుగురు కొట్టాయన చుట్టూ చేరారు. తమకు రెడీమేడ్ వద్దన్నారు. లక్షయినా సరే, ఈ అమ్మాయి బిగించినదే కావాలన్నారు. దర్జీ ఆ రోజు మొదటిసారి నవ్వాడు.

కూతురు కార్డు తియ్యబోయింది. కొట్టాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఉండనీ తల్లీ. ఆ ముప్ఫై వేలు నా దగ్గరే ఉన్నాయిగా, ఇది నీదే. రేపు పదింటికి వచ్చి ఆ ఏడూ బిగించి పెట్టు."

మర్నాడు పొద్దున దర్జీ కొలతల టేపు తీసి ఆ కంప్యూటరు పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచాడు. మంచి గుడ్డతో తొడుగు కుట్టాడు. అన్ని వైపులా రెండేసి అంగుళాలు వదులుగా ఉందేమిటని భార్య అడిగింది.

"కొత్తది కదా, ఇంకా ఎదుగుతుంది," అన్నాడు.